గీత కింది ఊరు

దీప పనిచేసే ఆఫీసు నాచారం పారిశ్రామికవాడలో, ఒక బిస్కెట్ల గోదాము పై అంతస్తులో ఉంది. మెట్లెక్కేటప్పుడు తియ్యటి పిండివాసన ముక్కుకు తగులుతుంది. అడవి మండలాల్లోని సెల్ టవర్లను ఒక పెద్ద ఫోన్ కంపెనీ తరఫున చూసుకోవడం ఆ ఆఫీసు పని. ఎక్కడ బ్యాటరీ దిగింది, ఎక్కడ డీజిలు అయిపోయింది, ఎక్కడ పిడుగు పడి పెట్టె కాలిపోయింది, అన్నీ గోడమీది తెర మీద పచ్చ చుక్కలుగా, ఎర్ర చుక్కలుగా కనిపిస్తాయి. చుక్క ఎర్రబడితే దీప ఆ ఊళ్లో టవరు కాపలా మనిషికి ఫోన్ చేస్తుంది.

ఆ టవర్లు లాభం చూసుకుని పెట్టినవి కావు. వంద గడపలు కూడా లేని ఊళ్లో టవరు నిలబెడితే డీజిలు ఖర్చు కూడా తిరిగి రాదని కంపెనీలకు తెలుసు. అందుకే ఫోన్ కంపెనీల రాబడిలోంచి కొంత పక్కకు తీసి, సార్వత్రిక సేవా నిధి అని ప్రభుత్వం ఒకటి పెట్టింది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్టేషను కింద నిలబడి ఎవరో సినిమా చూసుకుంటే, ఆ మనిషి చేసుకున్న రీచార్జిలోంచి కొన్ని పైసలు ఎక్కడో వాగు అవతలి ఊరి టవరుకు చేరతాయన్నమాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేనేజరు విక్రమ్ ఈ సంగతి చెబితే దీపకు ముచ్చటేసింది. ఇంటికెళ్లి అమ్మకు కూడా చెప్పింది.

నిధి ఇచ్చే డబ్బుకు ఐదేళ్ల గడువు. ఈ ఎండాకాలంతో అది తీరిపోయింది. పొడిగింపు వచ్చింది గాని అన్నింటికీ రాలేదు. వీళ్ల చేతికింద ఉన్న టవర్లు పందొమ్మిదైతే, పన్నెండింటికే ఇస్తామన్నారు. ఆ పన్నెండు ఏవో మీరే చెప్పండని కంపెనీ వాళ్లు రాశారు. విక్రమ్ ఆ పని దీపకు అప్పగించాడు.

దీప పని ఏనాడూ అశ్రద్ధగా చేసిన మనిషి కాదు. ఒక్కో టవరు కింద జనం చేసే కాల్స్, వాడే డేటా, దాని మీద వచ్చే రాబడి, టవరు నడపడానికయ్యే ఖర్చు పక్కపక్కన పెట్టి, పైనుంచి కిందికి వరస కట్టింది. పన్నెండో దాని కింద గీత గీసింది. ఆ పట్టికలో ఊళ్లకు పేర్లు లేవు, సైటు నంబర్లే ఉన్నాయి. గీత కిందివాటిని జూన్ నెలాఖరున ఆపేశారు; అక్కడి కాపలా మనుషులకు కబురు కంపెనీ నుంచే పోయింది. గోడమీది తెర నుంచి ఏడు చుక్కలు పోయాయి. ఒకటి రెండు రోజులు ఆ ఖాళీలు కంట్లో పడుతుంటే ఎలాగో అనిపించింది. తర్వాత అలవాటైపోయింది.

దీప వాళ్లది పాత నాచారం. వాళ్ల తాతకు అక్కడ పొలముండేది. ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు అది పోయింది. మిగిలిన ఇంటి జాగాలో తండ్రి హనుమాండ్లు వరసగా గదులు కట్టించి కిరాయికి ఇచ్చాడు. వెనక గదిలో ఉండేవాళ్లలో బుచ్చిరాములు అని ఒకడు, ప్లాస్టిక్ డ్రమ్ములు పోసే షెడ్డులో పని. ములుగు వైపు నుంచి వచ్చాడు. భార్య మల్లవ్వ ఊళ్లో అంగన్‌వాడీలో ఆయా. ఆ కొలువు వదిలి రావడం ఎందుకని, నాలుగేళ్ల బిడ్డతో అక్కడే ఉండిపోయింది. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక బుచ్చిరాములు సంపు గట్టు మీద కూర్చుని, ఫోన్ స్పీకరు పెట్టి, బిడ్డతో మాట్లాడేవాడు. మేకపిల్ల ఏం తిన్నదో, టీచరమ్మ ఏం పాట నేర్పిందో వాకిట్లో అందరికీ తెలిసిపోయేది. బిడ్డ పాడితే దీప తల్లి ఐలమ్మ బియ్యం ఏరుతూ తానూ కూనిరాగం తీసేది.

జూలై మొదటివారంలో ఒకరోజు దీప బండి లోపల పెడుతుంటే బుచ్చిరాములు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దీపక్కా, మా ఊరికి ఫోన్ కలుస్తలేదు. నీది ఫోన్ల ఆఫీసే గదా, జర సూడరాదు."

ఊరి పేరేమిటని అడిగింది. పాలంగుట్ట అన్నాడు. చూసి చెప్తానంది. మర్నాడు ఆఫీసుకెళ్లి నంబర్ల పక్కన ఊళ్ల పేర్లు తెరిచి చూస్తే, గీత కింద మూడో వరసలో కనిపించింది పాలంగుట్ట.

ఆ సాయంత్రం బుచ్చిరాములు అడిగాడు. సిగ్నల్ ఖరాబైంది, చూస్తున్నారు అని చెప్పింది. అబద్ధమని నోరు తెరవకముందే తెలుసు. బుచ్చిరాములు నమ్మాడు. నమ్మి రోజూ అదే గట్టు మీద కూర్చుని, నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ దించేవాడు. ఐలమ్మ ఒకటి రెండుసార్లు, పిల్ల ఏమంటున్నది కొడుకా అని అడిగి, తర్వాత అడగడం మానేసింది.

నాలుగైదు రోజులు చూశాడు. ఆ తర్వాత షెడ్డులో చెప్పకుండానే బస్సెక్కి ఊరికి పోయాడు.

తిరిగి వచ్చేసరికి మనిషి చిక్కిపోయి ఉన్నాడు. టవరు బందైనాక మల్లవ్వ రోజూ సాయంత్రం బిడ్డను చంకనేసుకుని, గుట్ట ఎక్కి, మండలం టవరు సిగ్నల్ కోసం రాళ్ల మీద నిలబడేదట. రెండు గీతలు వస్తే ఒక గీత పోయేది. ఒక సాయంత్రం వానకు తడిసిన బండ మీద కాలు జారింది. బిడ్డను గుండెకు పట్టుకుని పడడంతో బిడ్డకు ఏమీ కాలేదు గాని, మల్లవ్వ కుడి మణికట్టు విరిగింది. రెండు రోజులు ఆకుపసరు కట్టుతోనే ఉంది. బుచ్చిరాములు పోయాకే దవాఖానాకు తీసుకుపోయాడు. ఇక్కడ షెడ్డులో అతని జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నారు. ఇప్పుడు చర్లపల్లిలో రోజుకూలీకి మూటలెత్తడానికి పోతున్నాడు.

అదంతా అతను ఐలమ్మకు చెబుతుంటే దీప గడపలో నిలబడి విన్నది. అతని గొంతులో కోపం లేదు. అది తట్టుకోవడమే ఆమెకు కష్టమైంది. ఎవరిమీద కోపపడాలో అతనికి తెలియదు కదా అనుకుంది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఐలమ్మ పాత సంగతి ఎత్తింది. దీప చిన్నప్పుడు ఆ వాడ మొత్తానికి ఫోన్ వీళ్లింట్లోనే ఉండేది. కిరాయికుండేవాళ్లు, ఇరుగుపొరుగు అందరూ తమ ఊళ్లలో ఈ నంబరే ఇచ్చేవాళ్లు. ఫోన్ మోగితే ఐలమ్మ చేతిలో పని వదిలి, గల్లీ చివరిదాకా పోయి పిలుచుకొచ్చేది.

"మనం చేసేటియి ఎన్నుండె? నెలకు నాలుగు," అంది ఐలమ్మ. "వచ్చేటియే గదనే ఫోనంటే. బిల్లు సూసి మీ నాయిన ఇంత తక్వొచ్చిందని మురిసేటోడు. నా కాళ్ల నొప్పులు బిల్లుల రాకపాయె."

దీప కలుపుకున్న ముద్ద అట్లాగే చేతిలో ఉండిపోయింది. తన పట్టికలో ఉన్నవన్నీ ఊళ్లో జనం చేసిన కాల్స్. వాళ్లకు వచ్చిన కాల్స్ ఎక్కడా లేవు. వాటికి రాబడి లేదు కాబట్టి ఆ గడే పెట్టలేదు.

మర్నాడు పాత రికార్డులు అడిగి తెప్పించుకుంది. పాలంగుట్ట నుంచి బయటికి పోయే కాల్స్ పిడికెడు. లోపలికి వచ్చేవి గంపెడు. అవి ఎక్కడెక్కడి టవర్ల నుంచి వస్తున్నాయో చూస్తే ఆమెకు తెలిసిన పేర్లే: నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఉప్పల్. ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఫోన్ చేయడానికి పైసలు లేవు. ఇక్కడ డ్రమ్ములు పోసేవాళ్లు, మూటలెత్తేవాళ్లు చేస్తున్నారు. వాళ్ల రీచార్జి పైసలు హైదరాబాదు లెక్కలో పడుతున్నాయి. డీజిలు ఖర్చు మాత్రం పాలంగుట్ట లెక్కలో.

ఆ కాగితాలు పట్టుకుని విక్రమ్ గదిలోకి వెళ్లింది. విక్రమ్ చెడ్డవాడు కాదు. హన్మకొండ దగ్గరి పల్లె నుంచి చదువుకుని వచ్చినవాడు, కింద పనిచేసేవాళ్ల మాట వినేవాడు. ఆమె చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు.

"నువ్వు చెప్పింది కరెక్టే దీపా. కానీ ఒకటి చెప్పు. ఆ టవర్ బందైనంక మీ ఇంట్ల కిరాయికున్నాయన రీచార్జ్ చేసుకునుడు ఆపిండా?"

లేదంది దీప.

"ఆపడు. కూలికి పిలుపు రావాలె, ఇంటికి పైసలు పంపాలె. ఆ టవర్ ఉన్నా లేకున్నా ఆయన పైసలు కంపెనీకి వస్తనే ఉంటయి. ఇగ ఎందుకు నడుపుతరు?"

"అందుకే గద సార్ నిధి పెట్టింది."

విక్రమ్ కాగితాలు ఒకసారి తిరగేశాడు. టవర్ నిలబెట్టడానికైతే అందరూ ముందుకొస్తారని, ఫోటోలు దిగుతారని, ఇంకొక ఊరికి సిగ్నల్ ఇచ్చామని రాసుకుంటారని, అది ఒక్కసారి ఖర్చని అన్నాడు. నడపడం నెలనెలా ఖర్చు, దానికి ఫోటోలుండవు అన్నాడు. తర్వాత కాగితాలు ఆమె వైపు జరిపాడు.

"నీ లెక్కతోనే మళ్ల వరస కట్టు. నేను పంపుత. కానీ పన్నెండే. ఒకటెక్కితే ఒకటి దిగాలె, అది యాది పెట్టుకో."

దీప వచ్చే కాల్స్‌ను కూడా లెక్కలోకి తీసుకుని కొత్తగా వరస కట్టింది. పాలంగుట్ట గీత కిందినుంచి ఐదో స్థానానికి ఎక్కింది. తను ఇంట్లో కిరాయికున్నవాడి ఊరని చూసి చేయలేదు, లెక్క సరిగ్గా చేస్తే వచ్చిందే అది అని ఎంతో ఊరట కలిగింది. మిగతావి కాస్త అటూ ఇటూ జరిగాయి గాని గీత దాటలేదు. దాటింది ఒక్కటే. పదకొండో స్థానంలో ఉన్న రేగులబోడు కిందికి పోయింది.

ఎందుకు పోయిందో చూసింది. రేగులబోడు జనం చేసే కాల్సే కొద్ది. వచ్చేవి అసలు లేనట్టే. ఆ ఊరి నుంచి పట్నం పనికి పోయినవాళ్లెవరూ లేరు. పాత లెక్కలో అది ఎట్లాగో గట్టెక్కింది. ఈ కొత్త లెక్క దాన్ని తోసేసింది.

మధ్యాహ్నమంతా ఆ వరస ముందు కూర్చుంది. ఇంకో లెక్క ఉంటుందేమోనని వెతికింది. దవాఖానా ఎంత దూరమో చూసి లెక్కిస్తే పాలంగుట్ట దిగుతుంది. జనాభా చూస్తే వేరే రెండు దిగుతాయి. ఏది పట్టుకున్నా పన్నెండు దగ్గర గీత ఉంటుంది, గీత కింద ఎవరో ఒకరుంటారు. చివరికి ఒక ఉత్తరం రాసింది. ఈ ఊళ్లలో ఏదీ లాభనష్టాలతో తూచేది కాదని, కనీసం పదమూడో టవరుకైనా ఒప్పుకోమని, ఏ ఊళ్లో ఏమేం ఆగిపోతాయో వివరంగా రాసింది. విక్రమ్ దాన్ని తన పేరుతోనే కంపెనీకి, నిధి చూసే ఆఫీసుకు పంపాడు. కొత్త వరసకు వారంలోనే ఒప్పుకోలు వచ్చింది. పదమూడో దాని సంగతి వచ్చే విడతలో పరిశీలిస్తామని ఒక వాక్యం రాశారు.

పాలంగుట్ట చుక్క పచ్చబడిన రోజు సాయంత్రం సంపు గట్టు మీద మళ్లీ పిల్ల గొంతు వినబడింది. ఐలమ్మ చేటతో సహా వచ్చి పక్కనే కూర్చుంది. అమ్మ చేతికి తెల్ల కట్టు కట్టారని, తను దాని మీద పువ్వు బొమ్మ వేశానని పిల్ల చెబుతోంది. ఫోన్ పెట్టేశాక బుచ్చిరాములు దీప దగ్గరికి వచ్చి, నువ్వు చూసినందుకే వచ్చిందక్కా అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

అప్పుడు చెప్పేసింది దీప. టవరు ఖరాబు కాలేదని, ఆపారని, ఆపాల్సినవాటి వరస కట్టింది తనేనని, ఇప్పుడు మళ్లీ పెట్టినందుకు ఈ నెలాఖరుకు ఇంకో ఊరిది తీయాల్సి వస్తోందని చెప్పింది. బుచ్చిరాములు ముఖంలో నవ్వు పోయింది. చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏ ఊరుది తీస్తున్రు?"

"రేగులబోడుది."

"అది మాకు రెండు గుట్టల అవతల," అన్నాడు నెమ్మదిగా. "ఆడికెళ్లి పట్నం ఎవ్వలు రారక్కా. వాళ్లు నిన్ను అడగరు."

ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడడం మానలేదు గాని, దీపక్కా అని పిలిచే గొంతు మునుపటిలా లేదు. ఆ తేడా ఆమెకు మాత్రం తెలిసింది. తప్పు పట్టడానికి ఆమెకు అతనిలో ఏమీ కనపడలేదు.

రేగులబోడు టవరు కాపలా మనిషి పేరు పోశయ్య. బ్యాటరీలు తుడవడం, జనరేటరు నడపడం, డీజిలు లెక్క చెప్పడం అతని పని. ఐదేళ్లుగా దీపకు ఫోన్లోనే పరిచయం. ఆ నెలాఖరుకు టవరు ఆపేస్తున్నామని ఈసారి అతనికి చెప్పాల్సింది ఆమే. చెప్పింది. అవతల కీచురాళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"మేమేమన్న తప్పు జేసినమా మేడం?" అన్నాడు పోశయ్య. "డీజిల్ లెక్క నేను సరిగ్గనే చెప్పిన. ఒక్క చుక్క అటిటు పోలే."

తప్పేమీ లేదు పోశన్నా అంది. మరెందుకు అని అతను అడగలేదు. పెద్దోళ్లు ఏదో అనుకొని ఉంటరు లెమ్మని తనే సర్దిచెప్పుకున్నాడు.

చివరి రోజు మధ్యాహ్నం పోశయ్యే ఫోన్ చేశాడు. ఆఫీసులో అందరూ తిండికి కిందికి పోయారు. బయట సన్నగా వాన. ఊరివాళ్లంతా టవరు దగ్గరికి వచ్చారని చెప్పాడు. ఆఖరుసారి మాట్లాడుకోవడానికా అని అడిగింది దీప.

"ఎవలికి జేస్తరు మేడం? మావోళ్లంత ఈన్నే ఉన్నరాయె." చిన్నగా నవ్వాడు. "ఊకె సూడనీకి వచ్చిన్రు. పెట్టిననాడు గూడ గిట్లనే వచ్చిన్రు."

"మరి ఫోన్ దేనికి వాడుతరు పోశన్నా?"

"పురుటి నొప్పులొస్తే నర్సమ్మకు జేస్తం. పాము కుడితే బండికి జేస్తం. అవి దినాం ఉండయి గద."

దీప నర్సమ్మ పేరు, నంబరు అడిగి రాసుకుంది. ఇప్పుడు ఊళ్లో నెలలు నిండినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఇద్దరున్నారన్నాడు. అందులో ఒకతెకు తొలిచూలు. ఆమెను ముందే మండలానికి తీసుకుపోయి ఎవరింట్లోనైనా ఉంచమని చెప్పింది. ఎవరున్నరు మేడం అక్కడ మాకు, అన్నాడు. దీప ఆ ఇద్దరి సంగతి కూడా నర్సు నంబరు కింద రాసుకుంది.

"మెయిన్ స్విచ్చి నేనే బంద్ జెయ్యాల్నా, మీరు ఆన్నుంచి జేస్తరా?"

నువ్వే చెయ్యాలని నోటితో అనలేక, ఊ అంది.

"అయితే ఫోన్ గూడ కట్టయితది. ఏమనుకోకున్రి."

ఉండు పోశన్నా, అంది దీప. ఏం చెప్పడానికి ఉండమన్నదో ఆమెకే తెలియదు. అతను ఆగాడు. వెనక ఎవరో పిల్లాడు ఏదో అడుగుతున్నాడు, ఒక ముసలామె కసురుతోంది. అతని ఊపిరి వినబడింది, ఇనుప తలుపు కిర్రుమంది, అంతే. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని దీప గోడమీది తెర వైపు చూసింది. రేగులబోడు చుక్క కాసేపు పచ్చగానే ఉంది. తర్వాత ఎర్రబడింది.

నర్సు పేరు రత్నకుమారి. ఆరోగ్య సబ్‌సెంటరులో దొరికింది. దీప తానెవరో చెప్పి, రేగులబోడు నుంచి ఇక ఫోన్లు రావని, ఇద్దరు గర్భిణులున్నారని, వారానికోసారైనా ఆ ఊరు పోయి రమ్మని బతిమాలింది. నర్సు విసుక్కోలేదు. తన కింద చాలా గూడేలున్నాయని, ఈ వానల్లో వాగు ఎప్పుడు దాటనిస్తుందో చెప్పలేమని అంది.

"ఇన్నాళ్లు ఎట్ల నడిచిందంటే మేడం, ఫోన్ వస్తే ఉరుకుతుంటి. రాకపోతే అందరు మంచిగున్నరనుకుంటుంటి. ఇగ రేగులబోడు మాటకొస్తే, మంచిగున్నరో లేదో ఎట్ల తెల్వాలె నాకు?"

పోయి చూడడం తప్ప వేరే దారి లేదు అంది దీప. చూస్తానంది నర్సు, ఫోన్ పెట్టేసింది.

వచ్చే విడత కోసం దీప ఇంకో కాగితం మొదలుపెట్టింది. ఈసారి సైటు నంబర్లు తీసేసి ఊళ్ల పేర్లు రాసింది. కొత్తగా ఏ గడి పెడితే రేగులబోడు అందులో కనబడుతుందో ఆమెకు ఇంకా తెలియలేదు. తిండికి పోయినవాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు. కిటికీ అవతల వాన పెరిగింది.